సంగీత చికిత్స: చదువు, ఉద్యోగం, పరిశోధన

దాతల సొమ్ముతో నడిచిన ఆస్పత్రిలో వైద్యుడికీ, మందులు నూరేవాడికీ ఇచ్చినట్టే వాద్యకారులకు కూడా జీతం ఇచ్చిన కాలం ఒకటి ఉంది. తుర్కియేలోని ఎదిర్నె నగరంలో ఉస్మానీ సుల్తాన్ రెండవ బాయజీద్ కట్టించిన దారుష్షిఫా 1488లో పూర్తయింది. మసీదు, వైద్యం నేర్పే మదరసా, పేదలకు అన్నం పెట్టే వంటశాల, ఆస్పత్రి అన్నీ ఒకే ప్రాంగణంలో ఉండేవి. ఖర్చు వక్ఫ్ ఆదాయం నుంచి వచ్చేది. 17వ శతాబ్దంలో ఆ ఊరు చూసిన యాత్రికుడు ఎవ్లియా చెలెబీ అక్కడి సంగతులు వివరంగా రాశాడు. పదిమంది కళాకారులు ఉండేవారట. ముగ్గురు గాయకులు, మిగిలినవారిలో ఒకరు నై ఊదేవారు, ఒకరు కమాను వాద్యం, ఒకరు సంతూర్, ఒకరు ఊద్ వాయించేవారు. వారానికి మూడుసార్లు రోగులకూ, మతి చలించినవారికీ వినిపించేవారు. పెద్ద గుమ్మటం కింద నీటి ఫౌంటెన్ ఉండేది. సువాసన గల పూలు తెచ్చి రోగుల చేతికి ఇచ్చేవారు. ఆ కట్టడం ఇప్పటికీ ఉంది. ట్రాక్యా విశ్వవిద్యాలయం దాన్ని వైద్య చరిత్ర మ్యూజియంగా నడుపుతోంది. ఆ మ్యూజియానికి 2004లో యూరప్ కౌన్సిల్ బహుమతి కూడా వచ్చింది.

అదే వర్ణనలో కొందరు రోగులకు గొలుసులు వేసి ఉంచిన మాట కూడా ఉంది. పాత రోజులను తలుచుకునేటప్పుడు పూలనూ పాటలనూ చెప్పి గొలుసులను దాటవేయడం సరికాదు గనుక అదీ చెప్పాం.

ఎదిర్నె ఒక్కటే కాదు. 10వ శతాబ్దంలో బస్రాలో ఉన్న ఇఖ్వానుస్సఫా పండితులు సంగీతం మీద రాసిన రిసాలాలో, ఆస్పత్రుల్లో తెల్లవారుజామున రోగుల బాధ తగ్గించడానికి వినిపించే బాణీ ఒకటి ఉండేదని పేర్కొన్నారు. ఇబ్న్ సీనా తన ఖానూన్‌లో నాడి గురించి చెబుతూ, నాడికి సంగీతంలో ఉన్నట్టే లయా కొలతలూ ఉంటాయన్నాడు. అల్ కిందీ గురించి అల్ ఖిఫ్తీ చెప్పిన కథ మరీ ఆసక్తికరం. ఒక వర్తకుడి కొడుకు ఉన్నట్టుండి పక్షవాతం వచ్చినట్టు పడిపోయాడు. ఆ వర్తకుడు అంతకు ముందు కిందీని నిందించినవాడే, అయినా వేరే దిక్కులేక కబురు పెట్టాడు. కిందీ తన శిష్యులు నలుగురిని పిలిపించి, అబ్బాయి తల దగ్గర కూర్చోబెట్టి ఊద్ వాయించమన్నాడు. నాడి చూస్తూ ఉన్నాడు. కాసేపటికి అబ్బాయి కదిలాడు, లేచి కూర్చున్నాడు, మాట్లాడాడు. తండ్రి చేసిన మొదటి పని ఏమిటంటే, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందో లెక్కలు అడిగి రాసుకోవడం. అది పూర్తయ్యేసరికి అబ్బాయి మళ్లీ మునుపటి స్థితికి వెళ్లాడు, తర్వాత చనిపోయాడు. కథలో ఎంత నిజమో తేల్చలేం గానీ, దాన్ని చెప్పినవాడు సంగీతం ప్రాణం పోసిందని రాయలేదు. కాసేపు లేపింది, అంతే. ఈ రంగం గురించి ఆలోచించే ప్రతివాడికీ ఆ కొలత పనికొస్తుంది.

ఈ విషయం ఇప్పుడు ఈ సంచికలో ఎందుకంటే, ఇంటర్ పూర్తిచేసిన మా విద్యార్థినులు ఈమధ్య సంగీత చికిత్స, మాట చికిత్స, ఆక్యుపేషనల్ థెరపీ వంటి పేర్లు అడుగుతున్నారు. ఎంబీబీఎస్‌కూ, ఇంజనీరింగ్‌కూ సాయం చేయడానికి మన దాతలు వెనుకాడరు. ఈ పేర్లు వినగానే మాత్రం కమిటీలో పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అందులో తప్పేమీ లేదు, తెలియని చదువుకు అమానత్ సొమ్ము ఇచ్చేముందు అడిగి తెలుసుకోవలసిందే. ఆ అడిగే పనిలో సాయంగా ఉంటుందని మేము చదివి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాం.

ముందుగా ఒక సందేహం

పాట, వాద్యం విషయంలో మన ఉలమాల మధ్య భేదాభిప్రాయం పాతది. ఇమామ్ గజాలీ ఇహ్యా ఉలూమిద్దీన్‌లో సమా మీద ఒక పూర్తి భాగం రాశారు. వద్దన్న ఫుఖహాలు కూడా చిన్నవారు కాదు, వారి ఆధారాలూ తక్కువ కాదు. బడిలో పాఠం చెప్పేవాళ్లం ఫత్వా చెప్పబోము. దరఖాస్తు పెట్టుకున్న అమ్మాయి, ఆమె ఇంటివారు తాము నమ్మిన ఆలిమ్‌ను అడగాలి. మేము చెప్పగలిగింది రెండు మాటలే. ఒకటి, ఈ చికిత్సలో చాలా భాగం గొంతుతో, చప్పట్లతో, బల్ల మీద తట్టే లయతో నడుస్తుంది. రెండు, ఖుర్‌ఆన్ తిలావత్‌ను దీని పద్దులో వేయవద్దు. తిలావత్ వింటే మనసు కుదుటపడటం మన ఈమాన్‌కు సంబంధించిన సంగతి. దాన్ని సంగీతం అని పిలిచి ప్రయోగశాలకు ఈడ్చడం రెండింటికీ న్యాయం చేయదు.

వినడం వేరు, చికిత్స వేరు

తలనొప్పిగా ఉన్నప్పుడు ఇష్టమైన పాట వింటే హాయిగా ఉంటుంది. అది చికిత్స కాదు. మా బళ్లలో ఎక్కాలు రాగయుక్తంగా చెప్పిస్తాం, మామూలుగా నోరు విప్పని పిల్లవాడు కూడా గుంపుతో పాటు రెండో ఎక్కం అందుకుంటాడు. అదీ చికిత్స కాదు, కానీ చికిత్స మొదలయ్యే చోటు అదే. శిక్షణ పొందిన మనిషి ముందుగా ఆ పిల్లవాడిని పరిశీలించి, ఏది చేయగలడో ఏది చేయలేడో రాసుకుని, మూడు నెలల్లో ఏది సాధించాలో లక్ష్యం పెట్టుకుని, ప్రతి సెషన్‌లో ఏం జరిగిందో నమోదు చేసి, మార్పు లేకపోతే పద్ధతి మార్చినప్పుడు దానికి చికిత్స అన్న పేరు వస్తుంది. లక్ష్యం పాట నేర్పడం కాదు. మాట రావడమో, అడుగు సరిగా పడటమో, భయం తగ్గడమో లక్ష్యం.

పక్షవాతంతో మాట పోయినవారి సంగతి తీసుకుందాం. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నప్పుడు కొందరికి ఎదుటివారి మాట అర్థమవుతుంది గానీ తమ మాట బయటికి రాదు. అలాంటివారిలో కొందరు చిన్నప్పటి పాట మాత్రం మాటలతో సహా పాడగలుగుతారు. ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెట్టగలుగుతారు. కంఠస్థమై ఉన్న దుఆ చదవగలుగుతారు, మంచినీళ్లు అడగలేరు. ఇళ్లలో ఇది చాలా అపార్థాలకు దారితీస్తుంది. "దుఆ చదువుతున్నాడు కదా, మాతో మాట్లాడటానికే మొండికేస్తున్నాడు" అనుకుంటారు. మొండితనం కాదు. అలవాటుగా వరసలో వచ్చే మాటలకూ, అప్పటికప్పుడు కూర్చుకునే మాటలకూ మెదడులో దారులు ఒకటి కావు.

దీన్ని ఆధారంగా చేసుకుని 1970లలో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ఒక పద్ధతి తయారుచేశారు. పేరు మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ. రోజూ అవసరమయ్యే చిన్న మాటను రెండే స్వరాల్లో, ఒకటి పైకి ఒకటి కిందికి, నెమ్మదిగా సాగదీసి పలికిస్తారు. మన భాషలో అయితే "నీళ్లు కావాలి" అన్నది తీసుకోవచ్చు. నీ, ళ్లు, కా, వా, లి. ఒక్కో అక్షరానికి రోగి ఎడమచేతిని ఒక్కోసారి బల్ల మీద తట్టిస్తారు. ముందు చికిత్సకుడు ఒక్కడే అంటాడు, తర్వాత ఇద్దరూ కలిసి అంటారు, మధ్యలో చికిత్సకుడు ఆగిపోతాడు, రోగి పూర్తి చేస్తాడు. అది కుదిరాక స్వరం తగ్గిస్తూ మామూలు మాటలోకి దించుతారు. దీనికి హార్మోనియం అక్కర్లేదు, మంచి గొంతు కూడా అక్కర్లేదు. ఓపిక కావాలి, పదే పదే చేయాలి. మాట చికిత్సకులే దీన్ని ఎక్కువగా వాడతారు. అందరికీ ఫలించదు. మాట అర్థం చేసుకునే శక్తి నిలిచి ఉన్నవారికే పనికొస్తుంది.

పార్కిన్సన్స్ వచ్చినవారిలో అడుగు చిన్నదైపోతుంది, గుమ్మం దగ్గర కాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతుంది. కొలరాడోలో మైఖేల్ థౌట్ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటివారికి లయబద్ధమైన శబ్దం వినిపిస్తూ, దానికి అడుగు కలిపి మూడు వారాలు ఇంటి దగ్గరే నడక సాధన చేయించారు. నడక వేగం సుమారు 25 శాతం పెరిగింది. మెదడులో కదలికకు వేళ అందించే భాగం బలహీనపడినప్పుడు బయటి నుంచి వచ్చే దెబ్బ ఆ వేళను అందిస్తుందన్నది వారి వివరణ. ఇక్కడ సంగీతం అంటే మనసును కరిగించేది కాదు, ఒట్టి తాళం.

పరిశోధన ఎలా చేస్తారు, ఎలా చదవాలి

మేము బీఎడ్‌లో చదువుకున్న కంట్రోల్ గ్రూప్ పాఠం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. ఫిన్లాండ్‌లో హెల్సింకీ పరిశోధకుడు సార్కమో, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనం చూడండి. కొత్తగా పక్షవాతం వచ్చిన 60 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు రెండు నెలలపాటు రోజూ తమకు నచ్చిన సంగీతం విన్నది. రెండో గుంపు చదివి రికార్డు చేసిన పుస్తకాలు విన్నది. మూడో గుంపుకు మామూలు వైద్యం మాత్రమే. రెండో గుంపు ఎందుకు? అది లేకపోతే, మేలు సంగీతం వల్ల వచ్చిందా, ఏదో ఒకటి శ్రద్ధగా వినడం వల్ల వచ్చిందా అన్నది తేలదు. ఆరు నెలల తర్వాత పరీక్షిస్తే, మాటలు గుర్తుంచుకోవడంలోనూ, దృష్టి నిలపడంలోనూ సంగీతం విన్నవారు ముందున్నారు. వారిలో దిగులు కూడా తక్కువగా ఉంది. పుస్తకాలు విన్న గుంపు ఉండబట్టే ఈ ఫలితానికి బరువు వచ్చింది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మీద న్యూయార్క్‌లో జోవాన్ లోవీ నాయకత్వాన చేసిన పని 2013లో వెలువడింది. 11 ఆస్పత్రులు, 272 మంది పసికందులు. తల్లి కడుపులో వినిపించే శబ్దాలను పోలిన మెత్తని ధ్వని ఒకటి, గుండె చప్పుడును పోలిన దరువు ఒకటి, తల్లిదండ్రులు తామే ఎంచుకుని పాడిన జోలపాట ఒకటి, మూడింటినీ వేర్వేరుగా పరీక్షించారు. బిడ్డల గుండె వేగం నెమ్మదించడం, పాలు తాగడం, నిద్ర వంటి వాటిలో మేలు కనబడింది. తల్లిదండ్రుల ఆందోళన కూడా తగ్గింది. సీడీ పెట్టి వదిలేయడం కాదది. పక్కన చికిత్సకురాలు ఉండి, బిడ్డ ఊపిరిని చూస్తూ, ఎప్పుడు ఆపాలో తల్లికి చెబుతూ చేయించారు. మన ఇళ్లలో నానమ్మలు పాడే లోరీ, జోలపాట ఇంత ఖరీదైన వార్డులోకి వెళ్లిందని తెలిసి మాకు కొంచెం నవ్వూ, కొంచెం సంతోషమూ కలిగాయి.

ఇక అనుకున్నట్టు జరగని అధ్యయనం గురించి కూడా చెప్పాలి. ఆటిజం ఉన్న నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలు 364 మందితో తొమ్మిది దేశాల్లో జరిపిన పెద్ద పరీక్ష 2017లో ప్రచురితమైంది. మామూలు సేవలతో పాటు ఐదు నెలలు సంగీత చికిత్స పొందినవారికీ, పొందనివారికీ ఆటిజం లక్షణాల ప్రధాన కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో కోక్రేన్ సమీక్ష 26 అధ్యయనాలను కలిపి చూసింది. పిల్లవాడి మొత్తం పరిస్థితి మెరుగుపడే అవకాశం కొంత ఎక్కువేనని తేల్చింది, కానీ తోటివారితో కలవడం, మాట వంటి వాటిలో స్పష్టమైన తేడా కనిపించలేదంది. అంటే ఆశ ఉంది, హామీ లేదు. ఆటిజం బిడ్డ ఉన్న తల్లి దగ్గర "ఆరు నెలల్లో మాట తెప్పిస్తాం" అని వేలు వసూలు చేసేవారు మన పట్టణాల్లోనూ ఉన్నారు. పై రెండు అధ్యయనాలు తెలిసినవారు ఆ మాట అనలేరు.

ఫోన్లలో తిరిగే జాబితాలు ఇంకో తలనొప్పి. ఫలానా రాగం షుగరుకు, ఫలానా రాగం రక్తపోటుకు అని మందుల చీటీలా రాసి పంపుతారు. రాగానికీ రోగానికీ అలా జత కట్టే ఆధారం లేదు. చదువుకున్నవాళ్లూ, ప్రభుత్వాలూ కూడా ఇలాంటి వాటికి పడిపోతారు. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విని ఒక రకం పరీక్ష రాస్తే కొంచెం మెరుగ్గా రాశారు, ఆ ప్రభావం పావుగంట దాటలేదు. పసిపిల్లల ప్రస్తావన అందులో లేనేలేదు. అయినా ఐదేళ్లలో జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం రికార్డు ఇవ్వాలని బడ్జెట్‌లో లక్షా ఐదు వేల డాలర్లు అడిగాడు. తెలివి పెంచే సీడీలు మన దగ్గర కూడా కొన్నాళ్లు బాగానే అమ్ముడయ్యాయి.

చదువు, ఉద్యోగం

ఇది విశ్వవిద్యాలయంలో చదువుగా మారింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. గాయపడిన సైనికుల ఆస్పత్రుల్లో కళాకారులు వాయించేవారు, ఉపయోగం కనిపించింది, కానీ రోగితో ఎలా మెలగాలో వారికి తెలియదు. 1944లో మిషిగన్ స్టేట్‌లో మొదటి కోర్సు మొదలైంది. 1950లో అమెరికాలో వృత్తి సంఘం ఏర్పడింది. ఇంగ్లండులో 1959లో పాల్ నార్డాఫ్ అనే స్వరకర్త, క్లైవ్ రాబిన్స్ అనే ప్రత్యేక విద్య ఉపాధ్యాయుడు కలిసి మానసిక వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేసి ఒక పద్ధతిని రూపొందించారు. నేటికీ వారి పేరుతోనే అది నడుస్తోంది. ఇద్దరిలో ఒకరు బడిపంతులు కావడం మాకు ఇష్టమైన సంగతి.

అమెరికాలో ఇప్పుడు డిగ్రీలో సంగీతం, మనస్తత్వశాస్త్రం, శరీరశాస్త్రం చదివి, 1,200 గంటలు రోగుల దగ్గర శిక్షణ పొంది, బోర్డు పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో మాస్టర్స్ చదివి ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు నమోదైతే తప్ప ఆ బిరుదు పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. మన దేశంలో పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠ్‌లో వైద్య కళాశాలకు అనుబంధంగా సంగీత చికిత్స విద్య, పరిశోధన కేంద్రం ఉంది. పీజీ స్థాయి చదువు అక్కడ దొరుకుతుంది. ఇలా ఆస్పత్రి తోడుగా ఉన్న చోటనే ఈ చదువుకు అర్థం. వారాంతంలో రెండు రోజులు ఆన్‌లైన్‌లో చెప్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సులకు మన సంఘం ఒక్క రూపాయి ఇవ్వకూడదని మా గట్టి అభిప్రాయం.

దాతలు అడిగే అసలు ప్రశ్న, చదివాక కొలువు దొరుకుతుందా అన్నది. నేరుగా చెబితే, సంగీత చికిత్స ఒక్కటే చదివితే మన దగ్గర కష్టం. 1992 నాటి చట్టం కింద పనిచేస్తున్న భారత పునరావాస మండలి రిజిస్టర్‌లో ప్రత్యేక విద్య ఉపాధ్యాయులకూ, మాట, వినికిడి నిపుణులకూ, క్లినికల్ సైకాలజిస్టులకూ చోటు ఉంది. సంగీత చికిత్సకు విడిగా వర్గం లేదు. కాబట్టి మేము పిల్లలకు చెప్పే దారి వేరు. ముందు రిజిస్ట్రేషన్ దొరికే డిగ్రీ చేయండి. ఇంటర్‌లో సైన్స్ చదివినవారికి ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ డిగ్రీ ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ప్రత్యేక విద్యలో డిప్లొమా, బీఎడ్ ఉన్నాయి. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, నర్సింగ్ ఉన్నాయి. తర్వాత పాట మీద, లయ మీద పట్టు ఉంటే పీజీగా సంగీత చికిత్స చేయవచ్చు. అప్పుడు చేతిలో రెండు పనిముట్లు ఉంటాయి, కూడు పెట్టేది మొదటిది.

మన సికింద్రాబాద్‌లోనే, మనోవికాస్‌నగర్‌లో, 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేస్తూ, ప్రత్యేక విద్య కోర్సులు నడుపుతోంది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ వాక్కు, వినికిడి జాతీయ సంస్థకూ సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆయన హైదరాబాదీ అనీ, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారనీ మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మైసూరులో 1965 నుంచి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ఇవి కేంద్ర ప్రభుత్వ సంస్థలు గనుక ఫీజులు ప్రైవేటు వైద్య కళాశాలలతో పోల్చదగినవి కావు. ఒక ఇంజనీరింగ్ సీటుకు ఇచ్చే సాయంతో ఇక్కడ ఎందరినో చదివించవచ్చు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు అంది. హక్కు కాగితం మీద ఉంది, బడిలో ఆ బిడ్డ పక్కన కూర్చునే మనిషి లేడు. మన బస్తీల్లో ఈ అవసరం ఇంకొంచెం ముదిరి ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిషు. మాట ఆలస్యమైన బిడ్డను తీసుకుని వెళ్తే, చికిత్సకురాలికి ఉర్దూ రాదు, తల్లికి ఆమె చెప్పే ఇంటి పాఠం అర్థం కాదు. పరాయి మగవాళ్ల ముందు పాడమంటే, ఆడమంటే తల్లి నోరు విప్పదు. లోరీ ఎంచుకోవాలన్నా, చిన్న మాటలు ఏరుకోవాలన్నా ఇంటి భాష తెలిసినదే చేయగలదు. మన అమ్మాయిలు ఈ చదువులకు వెళ్లడం వల్ల తీరే లోటు ఇది. దాన్ని తీర్చడానికి ఎదిర్నెలాంటి కట్టడం ఏమీ అక్కర్లేదు.

ఆచరణలో ఒక చిక్కు ఉంది. మన సాయం ఫీజు రసీదు చూసి ఇస్తాం. ఈ చదువుల్లో పిల్లలు ఆగిపోయేది ఫీజు దగ్గర కాదు, ఇంటర్న్‌షిప్ ఏడాదిలో. పొద్దున ఒక ఆస్పత్రి, మధ్యాహ్నం ఒక ప్రత్యేక పాఠశాల, రోజంతా బస్సులు, వేరే ఊరైతే హాస్టల్. ఆ ఏడాదికి రసీదు ఉండదు గనుక మన దగ్గర సాయమూ ఉండదు. తల్లిదండ్రులు "ఇంకో ఏడాదా?" అని పెళ్లి మాట ఎత్తేది కూడా అప్పుడే. ఆ ఏడాదికి నెలనెలా కొంత మొత్తం ఇచ్చే ఏర్పాటు చేసి, బదులుగా శిక్షణ గంటల పుస్తకం చూపించమంటే సరిపోతుంది. జకాత్ పద్దు నుంచి ఇవ్వవచ్చా, సదఖా పద్దు నుంచే ఇవ్వాలా అన్నది మన ఆలిమ్ సాహెబులను అడిగి నిర్ణయించవలసింది కమిటీ.

విద్యార్థి వేతనాల ఫారం వచ్చే ఏడాదికి మళ్లీ అచ్చువేయిస్తున్నారని విన్నాం. అచ్చుకు వెళ్లేముందు కోర్సుల వరుసలో మాట, వినికిడి డిగ్రీనీ, ప్రత్యేక విద్యనూ, ఆక్యుపేషనల్ థెరపీనీ పేర్లతో సహా చేర్చాలనీ, కింద "ఇంటర్న్‌షిప్ ఖర్చు" అని ఒక గడి పెట్టాలనీ కోరుతున్నాం. సంగీత చికిత్స పీజీకి ఎవరైనా దరఖాస్తు పెడితే, మొదటి డిగ్రీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగే గడి కూడా ఒకటి ఉండాలి.